రాబర్టు బ్రూస్ ఫూటు దొర: కొండల విలువ కట్టిన భూగర్భశాస్త్రజ్ఞుడు

కొండను చూచినపుడు పసులకాపరికి మేత కనబడును. కట్టెలు కొట్టువానికి వంటచెఱకు కనబడును. యాత్రికునకు శిఖరమందలి దేవాలయము కనబడును. వర్తకునకు లోపలి లోహము కనబడును. ఒక్క కొండయే నలుగురికి నాలుగు విధములుగా తోచుచున్నది. అట్టి కొండ సర్కారు అడవియై, ప్రజలందరి సొత్తై యున్నపుడు, దాని గర్భమున నేమి యున్నదో, ఉన్నది ఎంతయో, అది త్రవ్వదగినదో కాదో నిర్ణయించి చెప్పుట మిక్కిలి బరువైన పని. ఉన్నదానికంటె ఎక్కువ చెప్పినచో జనుల ధనము మట్టిపాలగును, అడవి వృథాగా నశించును. తక్కువ చెప్పినచో దేశమునకు రావలసిన సంపద మరుగుపడి పోవును. ఇట్టి పనిని దక్షిణదేశమున 33 సంవత్సరములు చేసిన రాబర్టు బ్రూస్ ఫూటు దొర జీవితమును మా చదువరులకు ఈ సంచికలో తెలియజేయ దలచితిమి.

ఫూటు దొర పేరు మన విద్యార్థులలో కొందరికి చరిత్ర పాఠముల మూలమున తెలిసియే యుండును. భారతదేశమున పాతరాతియుగపు పనిముట్లను మొట్టమొదట గుర్తించినవాడని ఆయనకు గొప్ప కీర్తి కలదు. అయినను రాతి పనిముట్లను వెదకుటకు ఆయనకెవ్వరును జీతమియ్యలేదు. ఆయన ఉద్యోగము రాళ్లను పరీక్షించుట, ఖనిజముల జాడ తీయుట, పటములు వ్రాయుట. ఆ ఉద్యోగమును ఆయన యెట్లు నెరవేర్చెనో తెలిసికొనుట మనకు నేటికిని ఉపయోగకరమని మేము నమ్ముచున్నాము.

ఫూటు 1834 సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన ఇంగ్లండులోని చెల్టన్‌హాం పట్టణమున జన్మించెను. ఆ కాలమున భూగర్భశాస్త్రము క్రొత్తగా వికసించుచున్న విద్య. మన దేశమున భూగర్భ పరిశోధనశాఖ, అనగా జియలాజికల్ సర్వే, 1851లో థామస్ ఓల్డుహాం దొర నాయకత్వమున ఏర్పడెను. రైళ్లకును, ఆవిరియోడలకును బొగ్గు కావలసివచ్చుట యీ శాఖ పుట్టుకకు ముఖ్యకారణము. ఫూటు తన 24వ యేట, 1858 సెప్టెంబరు 28న ఈ శాఖలో చేరి, చెన్నరాజధానికి పంపబడెను. అచట హెన్రీ బ్లాన్‌ఫర్డు, విలియం కింగు మొదలగువారు ఆయనకు తోడి పనివారు. ఈ కింగు దొరయే తరువాత 1871 ప్రాంతమున ఇల్లెందు చెంత బొగ్గును గుర్తించి సింగరేణి గనులకు దారి చూపినవాడు.

ఆనాటి పరిశోధకుని దినచర్య యెట్టిదో బాలురు తెలిసికొనుట మంచిది. వానలు వెనుకబట్టిన పిమ్మట డేరాలు, వంటసామానులు, రాతినమూనాలకై పెట్టెలు బండ్ల మీద నెక్కించుకొని బయలుదేరవలెను. ఎండలు ముదురువరకు ఊరూర, కొండకొండకు తిరుగవలెను. చేతిలో సుత్తి, దిక్సూచి, పొరల వాలును కొలుచు పరికరము, రెవెన్యూ పటము, ఒక నోటుపుస్తకము. ఇంతకు మించిన సాధనములు లేవు. వాగు కోసిన గట్టులు, బావి త్రవ్విన మట్టి, కొండ యంచున బయల్పడిన బండ, వీనిని చూచియే క్రింది పొరలను ఊహింపవలెను. వేసవియు వానలును వచ్చినపుడు పట్టణమునకు మరలి, నమూనాలను పరీక్షించి, పటములకు రంగులు వేసి, నివేదికలు వ్రాయవలెను. మలేరియా జ్వరములు, పులులు, త్రాగునీటి కొరత, ఇవి దారి పొడవున తప్పని చుట్టములు.

ఈ తిరుగుటలోనే 1863 మే 30న మదరాసు చెంతనున్న పల్లావరమున, కంకర త్రవ్విన గుంటలో, మనుష్యుని చేత చెక్కబడిన రాతి గొడ్డలి యొకటి ఆయన కంటబడెను. దానికి నాలుగేండ్లకు పూర్వమే ఫ్రాన్సుదేశమున సోమ్ నదీతీరపు రాతి గొడ్డళ్లు మానవుని పురాతనత్వమునకు గుర్తులని ఆంగ్ల పండితులు నిర్ధారించి యుండిరి. ఆ వార్తను చదివియుండుటచేతనే ఫూటు ఆ రాయిని గుర్తింపగలిగెను. ఆ యేడే సెప్టెంబరు 28న ఫూటును కింగును కలిసి అత్తిరంపాక్కమున మరి యెన్నో పనిముట్లను కనుగొనిరి. గుంట త్రవ్వినవారు, దాని ప్రక్కగా నడచినవారు అనేకులుండియు, రాయిని రాయిగా విడువక చేతబట్టి చూచినవాడు ఒక్కడే. ఈ చూచు నేర్పే ఆయన జీవితమున కంతకును మూలధనము.

మా పాఠశాల వంటి మిషను పాఠశాలల వారికి ఇంపైన విషయమొకటి యిచట చెప్పవలసియున్నది. ఫూటు దొర పెండ్లాడిన కన్యక, యాఴ్పాణమున బైబిలును తమిళమునకు తెచ్చు పనిలో పాటుపడిన మిషనరీ పీటర్ పెర్సివల్ గారి కుమార్తె. పెర్సివల్ గారు తరువాత మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులుగా నుండిరి. అక్షరములను శోధించిన మామగారును, శిలలను శోధించిన అల్లుడును ఒక్క కుటుంబమున చేరిరి.

మన ఆంధ్రభూమిలో ఫూటు అడుగుజాడలు చాల చోట్ల కలవు. 15వ అక్షాంశము మొదలు మచిలీబందరు వరకు గల తూర్పు తీరపు నిర్మాణమును ఆయన పరిశీలించి 1879లో గ్రంథరూపమున ప్రకటించెను. పావులూరు, బూదవాడ, వేమవరము అను మన పల్లెల పేర్లు శిలల పొరలకు పేర్లుగా ప్రపంచ శాస్త్రగ్రంథముల కెక్కుట ఆయన మూలముననే. 1884లో కర్నూలు సీమలోని బేతంచెర్ల చెంతనున్న బిల్లసర్గము గుహలను త్రవ్వింప నారంభించెను. ఆ పనిని ఆయన కుమారుడు, సైనికోద్యోగియైన హెన్రీ బ్రూస్ ఫూటు కొనసాగించెను. నేడు ఈ సీమలో కానరాని ఖడ్గమృగము మొదలగు జంతువుల యెముకలు ఆ గుహలలో దొరికినవి. బళ్లారి ప్రాంతపు బూడిదదిబ్బలు రాక్షసుల చితులని జనులు చెప్పుకొనుచుండగా, అవి పూర్వకాలపు పశుపాలకుల పేడకుప్పలు కాలిన బూడిదయని ఆయన నిర్ణయించెను. తరువాతి త్రవ్వకములు ఆయన మాటనే బలపరచినవి.

ఇక ఖనిజముల విషయమునకు వత్తము. 1874లో ఆయన ధారవాడ జిల్లాలోని దంబళము కొండలలో, అనగా కప్పతగుడ్డ ప్రాంతమున, బంగారమును గూర్చి వ్రాసెను. ఆ వాగులలో ఇసుకను కడిగి బంగారు నలుసులు తీయు జల్గారులను వారు తరతరములుగా నుండిరి. ఫూటు వారిని అజ్ఞానులని తోసివేయక, వారి పనిని దగ్గర నుండి చూచి, వాగుల యిసుకను కడిగించి, తెల్లరాతి చారలను పరీక్షించెను. బంగారము కలదు, అది నిజము. కాని కొంచెముగా కలదు, ఇదియు నిజమే. పెద్ద లాభములను చూపి ఆశ పెట్టుటకు ఆయన మనస్సొప్పలేదు. ఇరువదవ శతాబ్ది మొదటి సంవత్సరములలో గదగు ప్రాంతమున కంపెనీలు వెలసి, యంత్రములు నిలిపి, కొలది యేండ్లకే మూతపడినవి. అడిగినవాని కోరికను బట్టిగాక, కడిగిన యిసుకను బట్టి మాట్లాడుట యెంత అవసరమో దీనివలన తెలియుచున్నది.

ఇట్టిదే వజ్రకరూరు కథ. అనంతపురము జిల్లాలోని ఈ గ్రామమున తొలకరి వానలు పడిన వెంటనే జనులు చేలలో వజ్రములకై వెదకుట నేటికిని కలదు. షపేరను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడొకడు 1880 ప్రాంతమున అచటికి వచ్చి, పెగ్మటైటను రాతిలో వజ్రములు పుట్టినవని ప్రకటించెను. అది నిజమైనచో అట్టి రాయి దక్షిణదేశమున ఎన్నియో చోట్ల కలదు గనుక, ప్రతి కొండను పగులగొట్టుటకు జనులు ఎగబడియుందురు. ఫూటు ఆ స్థలమునకు పోయి తానుగా వెదకి చూచెను. చెప్పబడినదానికి తగిన ఋజువు ఆయనకు కనబడలేదు. 1889లో తన సందేహమును కారణములతోగూడ అచ్చువేయించెను. పెద్ద పేరుగల పండితుని మాటయైనను స్థలమునందు నిలువని యెడల అంగీకరింపరాదని ఆయన మతము. వజ్రములకు పుట్టుక పెగ్మటైటు కాదనియు, కింబర్లైటను వేరొక రాయియనియు, అట్టి రాతి గొట్టములు వజ్రకరూరు నేలలోనే కలవనియు తరువాతి పరిశోధకులు స్థాపించిరి.

లేదని చెప్పుట ఉన్నదని చెప్పుటకంటె కష్టము. ఉన్నదన్నవానికి సన్మానములు జరుగును. లేదన్నవానిని ఎవరును మెచ్చుకొనరు. అయినను లేదను ఆ మాటవలన ఎన్ని కుటుంబముల సొమ్ము, ఎన్ని యెకరముల అడవి నిలిచినవో లెక్క వేయువారు లేరు.

1886 మొదలు 1889 వరకు ప్రకటించిన వ్యాసములలో ఫూటు తన జీవితమందలి ముఖ్య సిద్ధాంతమును నిలిపెను. దక్షిణదేశపు ప్రాచీనమైన నైసురాతి నడుమ, ఉత్తర దక్షిణములుగా సాగు సన్నని పట్టెలవలె, మడతలు పడిన వేరొక శిలాసముదాయము కలదని ఆయన గ్రహించెను. దానికి ధారవాడ శిలలని పేరు పెట్టెను. కోలారు, హట్టి, గదగు ప్రాంతముల బంగారమును, సండూరు ఇనుమును ఈ పట్టెలలోనివే. 250 కోట్ల సంవత్సరములకు పైబడిన వయస్సు గల శిలలివి. ఈ ఒక్క నిర్ణయమువలన వెదకువారి కష్టము నూరింతలు తగ్గెను. ఎక్కడ వెదకవలెనో తెలిసెను. అంతకంటె ముఖ్యముగా, ఎక్కడ వెదక నక్కరలేదో తెలిసెను. ఈ శిలలలో రాతిబొగ్గుకై వెదకుట వృథాయనియు శాస్త్రమే చెప్పెను. ఏలయన మన దేశపు ముఖ్యమైన బొగ్గుపొరలు గోండ్వానా శిలలలో గాని వీనిలో లేవు.

ఇపుడు ఆయన పనిలో మిక్కిలి ఘనమైన భాగమునకు వచ్చితిమి. బళ్లారి జిల్లా నడుమ సండూరను చిన్న సంస్థానముండెను. ఘోర్పడే వంశీయులగు మహారాష్ట్ర ప్రభువులు దానినేలుచుండిరి. రెండు వరుసల కొండలు గోడలవలె సాగి, వాని నడుమ లోయ యొకటి యేర్పడియున్నది. నారిహళ్ల యను వాగు ఓబళగండి, భీమగండి యను రెండు ఇరుకు త్రోవలలో కొండలను కోసికొని పారును. చుట్టును బళ్లారి మైదానము ఎండకు మాడుచుండగా ఈ కొండలు మాత్రము పచ్చగా నుండును. రామనదుర్గమును శిఖరమున, బళ్లారి దండులోని జబ్బు సోల్జర్లు గాలి మార్పుకై నివసించుటకు బంగళాలు కట్టబడినవి. ఒకప్రక్క కుమారస్వామి ఆలయము, యాత్రికుల రాకపోకలు. ఆ అడవిని మదరాసు ప్రభుత్వము గుత్తకు దీసికొని తన అటవీశాఖచేత కాపాడించెను.

ఈ కొండలలో ఇనుమున్నదని ఫూటు కంటె ముందే జనులకు తెలియును. కొండపొలమున మెత్తని రాయి యేరి, అడవిలో బొగ్గు కాల్చి, తోలుతిత్తులతో ఊది, ఇనుము తీయు కుటుంబములు చుట్టుపట్ల పల్లెలలో నుండెను. కప్తాను న్యూబోల్డు దొర 1838 ప్రాంతముననే సండూరును గూర్చి వ్రాసియుండెను. కాబట్టి ఫూటు ఇనుమును కనిపెట్టెననుట సత్యము కాదు. ఆయన చేసినది వేరు. ఏ పొర ఎక్కడ మొదలిడి ఎక్కడ ముగియునో, ఎంత మందమో, ఎట్లు వంగినదో, ఎక్కడ మేలైనదో, ఎక్కడ రాతితో కలిసి పనికిమాలినదో నడచి చూచి పటముపై గుర్తించెను. ఆ ఫలితమంతయు 1895లో బళ్లారి జిల్లా భూగర్భనిర్మాణమను పెద్ద గ్రంథముగా వెలువడెను. సండూరు హెమటైటు రాశిలోను గుణములోను దేశమునందలి ఉత్తమమైన వానిలో నొకటియని ఆయన తీర్పు చెప్పెను. నూటికి 60 పాళ్లకు మించి ఇనుము గల రాయి అచట కొండ శిఖరములను కప్పియున్నదని తరువాతి పరీక్షలు తెలిపినవి. మాంగనీసును ఆ కొండలలో కలదు.

మేలైన ఖనిజము కొండ శిఖరముననే యేల యున్నది? ఇది విద్యార్థులు తెలిసికొనదగిన సంగతి. మొదట ఆ శిలలు ఇనుపపొర, సిలికాపొర ఒకదానిపై నొకటి చీర యంచులోని చారలవలె పేర్చబడియుండెను. కోట్లకొలది సంవత్సరములు వాననీరు పగుళ్లలో దిగి, సిలికా భాగమును కొంచెము కొంచెముగా కరగించి కొనిపోయెను. ఇనుము నిలిచి చిక్కనయ్యెను. గట్టిపడిన ఆ ఖనిజమే కొండకు టోపీయై, చుట్టును మెత్తని శిలలు అరిగి పోయినను శిఖరమును నిలిపినది. ఆ టోపీ సందులు గలది యగుటచేత వాననీటిని పీల్చుకొని, మెల్లమెల్లగా ఊటలకు విడుచును. అనగా మేలైన ఖనిజమున్న చోటనే అడవికి ప్రాణమైన నీరును ఉన్నది. దేనినైనను విడదీసి త్రవ్వుట సాధ్యము కాదు.

ఖనిజము విలువ కట్టువాడు నాలుగు ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసియుండును. ఎంత యున్నది? ఎట్టిది? దానిని కరగించుటకు లేక మోసికొనిపోవుటకు ఏమి కావలెను? దానికొరకు ఏమి పోగొట్టుకొందుము? మొదటి రెండు ప్రశ్నలకు సండూరు కొండలు ఘనమైన ఉత్తరము చెప్పినవి. మూడవ ప్రశ్న చెంత ఆటంకము కలిగెను. ఆ ప్రాంతమున రాతిబొగ్గు లేదు. కట్టెబొగ్గుతో ఇనుము తీయవలెనన్నచో, వచ్చు ఇనుము బరువునకు ఎన్నో రెట్లు బొగ్గు కావలెను. ఆ బొగ్గునకు మరియెన్నో రెట్లు పచ్చిచెట్లు కావలెను. పల్లెకొలుములు కొన్ని నడచినంత కాలము అడవి తట్టుకొనెను. పెద్ద కొలిమి యొకటి నిలిపినచో ఆ చిన్న అడవి కొలదికాలములో బోడియగును. ఇంగ్లండునుండి చౌక యినుము దిగుమతి యగుటచేతను, 1882 అటవీ చట్టము తరువాత బొగ్గు కాల్చుటకు కట్టడులు హెచ్చుటచేతను పల్లెకొలుములు ఒక్కటొక్కటిగ ఆరిపోయెను. కొలిమినే నమ్ముకొన్న కుటుంబములు కూలిపనులకు చెదరిపోయినవి. అడవి నిలిచెను గాని ఆ కళ నశించెను. లాభనష్టములు రెండును చెప్పుటయే చరిత్రకు ధర్మము.

1891లో ఫూటు సర్కారు కొలువునుండి విరమించెను. అయినను సుత్తిని క్రింద పెట్టలేదు. మైసూరు సంస్థానము 1894లో భూగర్భశాఖను నెలకొల్పినపుడు దానికి మొదటి నాయకుడాయెను. బరోడా సంస్థానపు భూములను పరిశీలించి 1898లో గ్రంథము వెలువరించెను. తుదకు శేలము జిల్లాలోని ఏర్కాడు కొండపై నివాసమేర్పరచుకొని, నలువది యేండ్లుగా కూర్చిన పురాతన వస్తువులను వరుసపెట్టి వివరించెను. ఆ సంచయమును మదరాసు మ్యూజియము కొనెను. చూడగోరువారికి నేటికిని అది అచట కలదు. దానిని వర్ణించు గ్రంథములు ఆయన మరణానంతరము 1914, 1916 సంవత్సరములలో వెలువడినవి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో, 78 ఏండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. ఏర్కాడు దేవాలయమున ఆయన స్మారకము కలదు.

వ్యక్తి చనిపోయినను ఆయన పటము పని చేయుచునే యుండును. ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున సండూరు కొండలలో మాంగనీసు త్రవ్వకము మొదలాయెను. స్వాతంత్ర్యానంతరము సండూరు మదరాసు రాష్ట్రమున కలిసెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారిలో అధికభాగముతో మైసూరునకు పోయెను. 1977లో దోణిమలై యను కొండపై కేంద్రప్రభుత్వ సంస్థ ఇనుపగనిని ప్రారంభించెను. రైలుమార్గమును, దూరదేశపు బొగ్గును వచ్చుటచేత ఫూటు కాలపు ఆటంకము తొలగిపోయెను. మూడవ ప్రశ్నకు ఉత్తరము దొరకెను. కాని నాలుగవ ప్రశ్నను పలువురు మరచిరి.

2003 తరువాత చీనాదేశమున ఇనుపరాతికి గిరాకి హెచ్చి, ధర ఆకాశమునంటగా, బళ్లారి కొండలపై దురాశ విరుచుకుపడెను. ఇచ్చిన హద్దులు దాటి త్రవ్విరి. అడవిలో అనుమతి లేని చోట్ల త్రవ్విరి. అనంతపురము వైపున రాష్ట్రముల నడిమి సరిహద్దు గుర్తులే చెరిగిపోయెను. ఎఱ్ఱధూళి చేలపై పేరుకొనెను. వాగులు బురదతో పూడెను. కర్ణాటక లోకాయుక్త నివేదికలు ఈ అక్రమములను బయటపెట్టెను. 2011 జూలైలో సుప్రీముకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుపరాతి త్రవ్వకమును నిలిపివేసెను. 2013లో తుదితీర్పు చెప్పుచు, ఘోరముగా హద్దుమీరిన గనుల కౌళ్లను రద్దుచేసి, తక్కినవారు పాడైన నేలను బాగుచేసి చెట్లు నాటవలెననియు, ఏటా త్రవ్వు రాశికి పరిమితి యుండవలెననియు ఆజ్ఞాపించెను. హద్దు ఎక్కడ, అడవి ఎంత, గొయ్యి ఎంత యని తేల్చుటకు మరల పటములు వేయవలసి వచ్చెను. సుత్తియు దిక్సూచియు పట్టి ఒకడు నడచిన కొండలనే ఈసారి ఉపగ్రహ చిత్రములతో కొలిచిరి. సాధనములు మారినవి, నిజము చెప్పవలెనను ధర్మము మారలేదు.

ఇందులో ఫూటు దొర దోషమేమైన కలదా? మేము యోచించితిమి. ఆయన పరప్రభుత్వపు ఉద్యోగి. సంపద ఎచట గలదో ఆ ప్రభుత్వమునకు తెలుపుట ఆయన పని. ఇనుము గల కొండను మెచ్చినంతగా, ఆ కొండను నమ్ముకొన్న మనుష్యుల బ్రదుకు అట్టి నివేదికలలో చోటు చేసికొనలేదు. అది ఆ కాలపు లోపము. ఆయనయు ఆ కాలపు మనుష్యుడే. అయితే ఆయన లేనిదానిని ఉన్నదని చెప్పలేదు. చూడనిదానిని చూచితినని వ్రాయలేదు. కొంచెమును గొప్పగ చూపలేదు. విలువ కట్టుట వేరు, త్రవ్వుమని ఆజ్ఞ యిచ్చుట వేరు. కొండలో ఇనుమున్నదని తెలియుట తప్పు కాదు. తెలిసియుండుటచేతనే దేనిని త్రవ్వవలెను, దేనిని ముందు తరములకై విడిచిపెట్టవలెనని ప్రజలు తర్కించి నిర్ణయించుకొనగలరు. తెలియని జనులను ఎవరైనను మోసగింపగలరు.

కోలారు బంగారుగనులు ఇంచుమించు 120 ఏండ్లు నడచి 2001లో మూతబడెను. అచట నేడు మిగిలినవి గుట్టలుగ పోసిన గనిబూడిదయు, పని పోయిన కుటుంబములును. మన తమిళ, తెలుగు కూలీలు తరతరములు ఆ గోతులలో చెమటోడ్చిరి. త్రవ్విన ఖనిజము మరల మొలవదు. నరికిన అడవి, వేరు మిగిలి, నీరు మిగిలి, మనుష్యుడు ఓర్పు చూపినచో మరల చిగిర్చును. కాబట్టి రెంటిని ఒక్క త్రాసున తూచునపుడు ఏది ఒకసారి పోయిన రానిదో, ఏది ప్రతియేడు ఫలమిచ్చునో తెలిసి తూచవలెను. నాలుగవ ప్రశ్నకు అర్థమిదియే.

బైబిలునందు యోబు గ్రంథము 28వ అధ్యాయమున గనుల ప్రస్తావన కలదు. వెండికిని బంగారమునకును పుట్టుచోట్లు గలవనియు, మనుష్యుడు చీకటిలోనికి దిగి, కొండల కుదుళ్లను తలక్రిందులు చేసి వానిని వెలికి తీయుననియు వర్ణించి, ఆ భక్తుడు జ్ఞానమెచట దొరకునని అడుగును. భూమిలోని ప్రతి వస్తువునకును చోటు కలదు గాని జ్ఞానమునకు వెల కట్టజాలమని ఆయన భావము. ఈ అధ్యాయమును మా విద్యార్థులందరు ఒక పర్యాయము చదువవలెనని కోరుచున్నాము.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును, అటవీ ఉద్యోగులు కావచ్చును, రెవెన్యూ అధికారులు కావచ్చును. ఏదో యొకనాడు మీ బల్ల మీదికి ఒక కొండ పటము వచ్చును. దానిపై సంతకము పెట్టుమని ఒకరు తొందరపెట్టుదురు. ఆనాడు బండి దిగి ఆ కొండను కాలినడకను ఎక్కి చూడుడు. వాగు నీటిని, చెట్టు నీడను, పల్లె బావిని, రాతి పొరను నాలుగింటిని చూడుడు. చూచినదే వ్రాయుడు. పల్లావరపు కంకరగుంట చెంత ఆగిన ఆ ఇరువదెనిమిదేండ్ల యువకుడు మనకు విడిచిపోయిన ఆస్తి ఇదియే. తల్లిదండ్రులు తమ బిడ్డలు ఇంటికి తెచ్చు రంగురాళ్లను పారవేయక, అవి ఎక్కడ దొరకినవో అడుగుదురుగాక. ఆ ఒక్క ప్రశ్నతో ఎంత చదువు మొదలగునో ఎవరు చెప్పగలరు?